గీటురాయి ఎవరి చేతిలో: నమ్మలేని క్వాంటమ్ యంత్రాలకు గణనల అప్పగింత

ఒక పెద్ద సంఖ్యను రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టమని ఎక్కడో దూరాన ఉన్న క్వాంటమ్ కంప్యూటర్‌ను అడిగితే, అది ఇచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి ఆ యంత్రం మీద నమ్మకం అక్కరలేదు. వచ్చిన రెండు సంఖ్యలనూ గుణించి చూసుకుంటే చాలు. ఆ పని జేబులోని ఫోన్ కూడా చేస్తుంది. పీటర్ షోర్ 1994లో ప్రకటించిన అల్గారిథమ్‌కు ఉన్న ఈ సుగుణం క్వాంటమ్ గణనలన్నిటికీ లేదు. గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చే నైట్రోజినేస్ ఎంజైములో ఇనుము, మాలిబ్డినం, గంధకం కలిసిన ఒక అణుగుచ్ఛం ఉంటుంది. దాని కనిష్ఠ శక్తి ఎంత అని అడిగితే యంత్రం ఒక సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్యను గుణించి చూసుకునే వీలు లేదు. క్వాంటమ్ కంప్యూటర్ల వల్ల మందులు, ఎరువులు, కొత్త పదార్థాలు వస్తాయని చెప్పేటప్పుడు ఉదహరించే లెక్కలలో ఎక్కువ భాగం ఈ రెండో రకానివే.

అయితే క్వాంటమ్ యంత్రం చేసిన పనిని, క్వాంటమ్ యంత్రం లేనివారు సరిచూసుకోవడం ఎలా? యంత్రం పొరపాటు చేసి ఉండవచ్చు. దాని యజమాని మోసం చేసి ఉండవచ్చు. అసలు తలుపు వెనక ఉన్నది క్వాంటమ్ యంత్రమే కాకపోవచ్చు. అదే గణనను మామూలు కంప్యూటర్ మీద మళ్ళీ చేయగలిగితే క్వాంటమ్ యంత్రంతో పనే లేదు. చేయలేకపోతే వచ్చిన జవాబుకు ఆధారం లేదు. 2016 మే నెలలో ఐబీఎం అయిదు క్యూబిట్‌ల యంత్రాన్ని అంతర్జాలం ద్వారా అందరికీ అందుబాటులో పెట్టిననాటి నుంచి ఇది కేవలం సిద్ధాంతకారుల చిక్కుప్రశ్నగా మిగల్లేదు. 2004లో డేనియల్ గొట్‌స్మన్ లేవదీసిన ఈ ప్రశ్నకు 2007లో స్కాట్ ఆరన్‌సన్ ఇరవై అయిదు డాలర్ల బహుమానం ప్రకటించాడు. బహుమానం చిన్నదే గానీ ప్రశ్న మాత్రం మరో పదేళ్ళకు పైగా లొంగలేదు.

దీని చుట్టూ పెరిగిన పరిశోధన సాహిత్యం గత ఇరవై ఏళ్ళలో కంప్యూటర్ శాస్త్రం సాధించిన అందమైన ఫలితాలలో ఒకటి. ఆ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడి విమర్శ ఆ ఫలితాల మీద కాదు. వాటికి తగిలించిన విశేషణాల మీద. ‘షరతులు లేని భద్రత’, ‘సంప్రదాయ వినియోగదారు’, ‘నమ్మకంతో పనిలేని ధ్రువీకరణ’ అనే మాటలు పత్రాల శీర్షికలలో, సారాంశాలలో, వాటి నుంచి పత్రికా వార్తలలోకి ఎంత ధారాళంగా ప్రవహిస్తున్నాయంటే, యంత్రం అమ్మేవారికీ కొనేవారికీ ఈ సమస్య పరిష్కారమైపోయిందన్న భావన కలుగుతోంది. ఒక్కొక్క పద్ధతినీ విప్పి చూస్తే ప్రతిదానిలోనూ నమ్మకం ఏదో ఒక మూల దాక్కుని ఉంటుంది. అది ఏ మూలనో చెప్పడం విమర్శ పని.

మొదట ఒక గందరగోళాన్ని తొలగించుకోవాలి. అప్పగింతలో రెండు వేర్వేరు కోరికలున్నాయి. తాను ఏమి లెక్కిస్తున్నాడో సర్వర్‌కు తెలియకూడదన్నది ఒకటి: గోప్యత. సర్వర్ ఇచ్చిన జవాబు సరైనదని తేలాలన్నది రెండోది: ధ్రువీకరణ. గోప్యత ఉన్నంత మాత్రాన ధ్రువీకరణ ఉండదు. ఏ పని చేస్తున్నాడో తెలియని పనివాడు కూడా ఆ పనిని చెడగొట్టగలడు. ఏమి లెక్కిస్తున్నామో బహిరంగంగా చెప్పి, జవాబును మాత్రం కచ్చితంగా సరిచూసుకునే పద్ధతులూ ఉన్నాయి. జనరంజక వ్యాసాలు ఈ రెంటినీ ‘భద్రత’ అనే ఒకే మూటలో కట్టేస్తాయి. ఆ మూట విప్పకుండా ఎవరు ఏమి సాధించారో చెప్పడం సాధ్యం కాదు.

ప్రశ్నోత్తరాల ద్వారా నిరూపణ అనే భావన 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్‌ల పత్రంతో స్థిరపడింది. శక్తిమంతుడైన నిరూపకుడు, పరిమిత శక్తి గల పరీక్షకుడు. పరీక్షకుడు యాదృచ్ఛికంగా ప్రశ్నలు వేసి, జవాబుల పొందికను బట్టి నిజం తేల్చుకుంటాడు. 1990లో ఆది శామిర్, మితమైన జ్ఞాపకస్థలంలో పరిష్కరించగల సమస్యలన్నిటినీ ఈ పద్ధతిలో సరిచూడవచ్చని నిరూపించాడు. క్వాంటమ్ గణనలన్నీ ఆ పరిధిలోకే వస్తాయి. అంటే ప్రశ్న గొట్‌స్మన్ అడగక ముందే పరిష్కారమైనట్టు కనబడుతుంది. చిక్కేమిటంటే, శామిర్ పద్ధతిలో జవాబులు చెప్పే నిరూపకుడికి క్వాంటమ్ కంప్యూటర్‌ను ఎంతో మించిన శక్తి కావాలి. పరీక్షాపత్రం సిద్ధంగా ఉంది, రాయగల విద్యార్థే లేడు. క్వాంటమ్ కంప్యూటర్ అంతటి శక్తి మాత్రమే ఉన్న నిజాయితీపరుడు నెగ్గగల పరీక్ష కావాలి. అసలు ప్రశ్న అది.

దీనికి వచ్చిన మొదటి తరహా సమాధానాలు వినియోగదారు చేతికి ఒక చిన్న క్వాంటమ్ పరికరాన్ని ఇస్తాయి. 2001లో ఆండ్రూ చైల్డ్స్ రాసి 2005లో ప్రచురించిన పత్రం ఈ దారిలో తొలి అడుగు. దాన్ని అసలైన రూపానికి తెచ్చింది 2009లో ఆన్ బ్రాడ్‌బెంట్, జోసెఫ్ ఫిట్జ్‌సైమన్స్, ఎల్హామ్ కషేఫీ కలిసి రాసిన ‘సార్వత్రిక గోప్య గణన’ పత్రం. దాని ఉపాయం వివరంగా చెప్పుకోదగినది. రౌసెన్‌డార్ఫ్, బ్రీగెల్ 2001లో చూపినట్టు, క్యూబిట్‌లను ముందే ఒక పెద్ద అల్లికగా పెనవేసి, వాటిని ఒక్కొక్కటిగా వేర్వేరు కోణాలలో కొలుచుకుంటూ పోతే ఏ క్వాంటమ్ గణననైనా చేయవచ్చు. అల్లిక అందరికీ ఒకటే. గణన అంతా కొలత కోణాల వరుసలో ఉంటుంది. కోణాలు దాస్తే గణనను దాచినట్టే.

దాచడం ఇలా. వినియోగదారు ఒక్కొక్క క్యూబిట్‌ను, వృత్తాన్ని ఎనిమిది సమభాగాలు చేసే కోణాలలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఎన్నుకుని, ఆ దిశలో తయారుచేసి పంపుతారు. ఏ కోణమో సర్వర్‌కు చెప్పరు. సర్వర్ వాటిని ఇటుకల గోడ ఆకారంలో పెనవేస్తుంది. తరువాత ఏ కోణంలో కొలవాలో వినియోగదారు చెబుతారు. అది అసలు కావలసిన కోణానికి రహస్య కోణాన్ని కలిపి, ఒక్కోసారి అర్ధవృత్తం తిప్పిన సంఖ్య. సర్వర్‌కు చేరే ప్రతి సంఖ్యా ఎనిమిదింటిలో ఏదైనా కావచ్చు, అన్నిటికీ సమానావకాశం. గణన పరిమాణానికి పైహద్దు తప్ప సర్వర్‌కు మరేమీ తెలియదు. ఒక్కసారి వాడి పారేసే రహస్య తాళంతో సందేశాన్ని దాచడం ఎంత పటిష్ఠమో ఇదీ అంత పటిష్ఠం. ఎంతటి కంప్యూటర్ వచ్చినా, ఎన్నేళ్ళు గడిచినా ఆ గోప్యత చెడదు. ఫిట్జ్‌సైమన్స్, కషేఫీ 2012లో దీనికి ధ్రువీకరణను జతచేశారు. అల్లికలో కొన్ని క్యూబిట్‌లను ఒంటరిగా వదిలి ఉచ్చులుగా పెడతారు. వాటి కొలత ఫలితం ఎంత రావాలో వినియోగదారుకు ముందే తెలుసు. ఉచ్చు ఎక్కడుందో తెలియని సర్వర్ ఎక్కడ చెయ్యి పెట్టినా పట్టుబడే ప్రమాదం ఉంటుంది.

ఆ పత్రం శీర్షికలో ‘షరతులు లేని’ అనే విశేషణం ఉంది. సంకేత శాస్త్ర పరిభాషలో ఆ మాటకు అర్థం, సర్వర్ గణనశక్తి మీద ఏ షరతూ పెట్టలేదని మాత్రమే. సామాన్య పాఠకుడు దాన్ని అలా చదవడు, చదవమని ఎవరూ హెచ్చరించరు. అసలు షరతు వినియోగదారు ఇంట్లోనే ఉంది: తాను పంపే క్యూబిట్‌లు తాను అనుకున్నవే అయి ఉండాలి. ఆచరణలో ఒక ఫోటాన్ బదులు బలహీనమైన లేజర్ స్పందనం పంపితే అందులో ఒక్కోసారి రెండు ఫోటాన్లు వెళతాయి. అదనపు ఫోటాన్ పట్టుకున్న సర్వర్‌కు రహస్య కోణం గురించి కొంత తెలిసిపోతుంది. ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతులను డూన్‌కో, కషేఫీ, లెవెరియే 2012లోనే సూచించారు. కానీ ఫోటాన్ పరికరాన్ని తయారుచేసి అమ్మినవాడే దొంగ అయితే? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. సర్వర్ మీద అపనమ్మకంతో మొదలైన ప్రయాణం, పరికరాల దుకాణం మీద నమ్మకం దగ్గర ఆగింది. పెద్ద యంత్రంతో పోలిస్తే చిన్న పరికరాన్ని తనిఖీ చేయడం సులువు కనక ఇది నిజమైన లాభమే. ఆ లాభాన్ని లాభంగా చెప్పుకోవడానికి ‘షరతులు లేని’ అనే కిరీటం అక్కరలేదు.

ప్రయోగశాలలలో ఈ తరహా పద్ధతులే ఎక్కువ ముందుకు వెళ్ళాయి. 2012లో వియన్నాలో స్టెఫనీ బార్జ్ బృందం నాలుగు ఫోటాన్లతో గోప్య గణన చేసి చూపింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఇంకా పొందికైన అమరిక చేసింది: సర్వర్‌లో ఒక స్ట్రాన్షియం అయాన్, ఒక కాల్షియం అయాన్, వినియోగదారు వైపు ఫోటాన్ల ధ్రువణాన్ని కొలిచే పరికరం మాత్రమే, మధ్యలో గాజుతీగ. గోప్యతా ధ్రువీకరణా రెండూ ఒకే ప్రయోగంలో కుదిరాయి. గణన పరిమాణం చిన్నది, కానీ ఉన్నదున్నట్టు చెప్పిన ప్రయోగం.

రెండో తరహా సమాధానం వినియోగదారు చేతిలోని పరికరాన్ని కూడా తీసేస్తుంది. బదులుగా ఇద్దరు నిరూపకులు కావాలి. వారిద్దరి మధ్య క్వాంటమ్ పెనవేత ఉండాలి, సంభాషణ ఉండకూడదు. జాన్ బెల్ 1964లో మొదలుపెట్టిన ఆలోచనకు 1969లో క్లౌజర్, హోర్న్, షిమోనీ, హోల్ట్ ఇచ్చిన ఆట రూపం దీనికి పునాది. ఆ ఆటలో పెనవేత లేనివారు ఎంత తెలివిగా ఆడినా నూటికి 75 సార్లకు మించి గెలవలేరు. పెనవేత ఉన్నవారు సుమారు 85.4 సార్లు గెలవగలరు. 2013లో ‘నేచర్’ పత్రికలో రైకార్ట్, ఉంగర్, వజిరానీ ప్రచురించిన ఫలితం దీన్ని తిరగేసింది: ఎవరైనా 85.4కు అతి దగ్గరగా గెలుస్తున్నారంటే, వారి యంత్రాల లోపల ఏముందో చూడకుండానే, వారు ఫలానా స్థితినే పంచుకుని ఫలానా కొలతలే చేస్తున్నారని తేల్చవచ్చు. అక్కడి నుంచి ఆ కొలతలను గణన వైపు నడిపించవచ్చు. పెట్టె తెరవకుండా పెట్టెలోని వస్తువును గుర్తించడం తాత్త్వికంగా కూడా గొప్ప విషయం.

అయితే ఖర్చు చూడాలి. గణనలో గేట్ల సంఖ్యతో పోలిస్తే ఈ పద్ధతికి కావలసిన వనరులు ఎంత వేగంగా పెరుగుతాయో తరువాతి పరిశోధకులు అంచనా వేశారు: గేట్ల సంఖ్యకు కనీసం 8192వ ఘాతం. పది గేట్ల గణనకు ఒకటి పక్కన 8192 సున్నాలు. సిద్ధాంత భాషలో దీన్ని కూడా ‘బహుపది’ అనే అంటారు, అంటే ‘సమర్థమైనది’ అని. ఒక శాస్త్రశాఖ సొంత పరిభాష ఆ శాఖనే ఎలా మభ్యపెట్టగలదో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. న్యాయంగా చెప్పాలంటే అదే శాఖ ఆ సంఖ్యను దాచలేదు, దిగమింగలేదు. 2017లో కొలదాంజెలో, గ్రిలో, జెఫరీ, విడిక్ దాన్ని దాదాపు గేట్ల సంఖ్యకు అనులోమంగా ఉండే స్థాయికి దించారు. అదే ఏడాది చైనాలో ‘సంప్రదాయ వినియోగదారు కోసం గోప్య గణన’ అనే పేరుతో జరిగిన ప్రయోగం 15ను 3, 5 గా విడగొట్టింది. జవాబును సరిచూసుకోవడానికి ఏ ధ్రువీకరణా అవసరం లేని సమస్య ఏదైనా ఉంటే అది ఇదే. కొండను తవ్వి ఎలుకను పట్టడం ప్రయోగశాస్త్రంలో తప్పు కాదు, తవ్వడం నేర్చుకోవడమే అక్కడ ప్రయోజనం; శీర్షిక మాత్రం కొండ పేరుతో ఉంటుంది.

నమ్మకం ఇక్కడ ఏ మూలన ఉంది? ఇద్దరు నిరూపకులూ మాట్లాడుకోవడం లేదన్న దానిలో. భౌతికశాస్త్రం హామీ ఇవ్వాలంటే వారిని దూరంగా ఉంచి, కాంతి ఒకరి నుంచి మరొకరికి చేరేలోగా జవాబులు రాబట్టాలి. వంద కిలోమీటర్ల దూరం ఉంటే ఆ గడువు సెకనులో మూడువేల వంతు. సుదీర్ఘమైన గణనకు, అనేక విడతల ప్రశ్నోత్తరాలకు అది చాలదు. కాబట్టి ఆచరణలో మిగిలేది వారు మాట్లాడుకోరన్న ఒప్పంద పత్రం. రెండు పోటీ సంస్థలు తమ యంత్రాల మధ్య పెనవేతను ఏర్పరచుకునేంత గట్టి అనుసంధానం కట్టుకుని, ఆ తీగ మీద ఒక్క మాట కూడా పంపుకోవని నమ్మడం వ్యాపార ప్రపంచాన్ని చూసినవారికి కష్టం.

మూడో తరహా సమాధానం 2018లో ఉర్మిళా మహాదేవ్ ఇచ్చింది. బర్కిలీలో ఉమేష్ వజిరానీ దగ్గర పరిశోధక విద్యార్థిగా ఎనిమిదేళ్ళు గడిపిన ఆమె, ఒకే సర్వర్‌ను, ఏ క్వాంటమ్ పరికరమూ లేని వినియోగదారు, మామూలు సందేశాలతోనే ధ్రువీకరించవచ్చని చూపింది. ఈ రంగంలో ఒక్క పత్రాన్నే చదవాలంటే చదవవలసినది అదే.

ఆమెకు ముందున్న మెట్టు ఒకటుంది. ఫైన్‌మన్, కితాయెవ్‌ల ఆలోచనల ప్రకారం ఒక క్వాంటమ్ గణన మొత్తం చరిత్రను, ఆది నుంచి అంతం దాకా ప్రతి క్షణాన్నీ, ఒకే క్వాంటమ్ స్థితిగా కూర్చవచ్చు. ఆ స్థితి సరైనదో కాదో తెలుసుకోవడానికి క్యూబిట్‌లను రెండే రెండు పద్ధతులలో కొలిస్తే చాలు: 0-1 ఆధారంలో, లేదా దానికి అడ్డంగా ఉండే హాడమార్డ్ ఆధారంలో. వినియోగదారు ఈ రెండు కొలతలూ చేయగలిగితే, సర్వర్ పంపిన స్థితిని తానే కొలిచి తేల్చుకోగలడని ఫిట్జ్‌సైమన్స్, హైదుషెక్, మొరిమాయె అప్పటికే చూపారు. మహాదేవ్ చేసింది, ఆ కొలతలను కూడా సర్వర్ చేతనే నిజాయితీగా చేయించడం. దొంగ చేతికి తాళాలిచ్చి, తాళం కప్పను మాత్రం తమ దగ్గర ఉంచుకున్నట్టు.

వినియోగదారు ఒక గణిత ప్రమేయాన్ని పంపుతారు. దాని ప్రతి ఫలితానికీ సరిగ్గా రెండు మూలాలుంటాయి, ఒకటి 0తో, మరొకటి 1తో జతపడి. రహస్య సూత్రం తెలిసినవారు ఫలితాన్ని చూసి రెండు మూలాలనూ చెప్పగలరు. తెలియనివారికి రెండూ కలిపి దొరకవు. సర్వర్ తన క్యూబిట్‌ను ఈ ప్రమేయంలోకి నడిపి, ఫలితాన్ని మాత్రం కొలిచి పంపాలి. అప్పుడు దాని చేతిలో మిగిలేది రెండు మూలాలూ కలిసిన సూపర్‌పొజిషన్. ఫలితం పంపిందంటే మాట ఇచ్చినట్టే, ఇక స్థితిని మార్చడానికి లేదు. తరువాత వినియోగదారు నాణెం ఎగరవేస్తారు. బొమ్మ పడితే, ఏదో ఒక మూలాన్ని చూపించమంటారు. సర్వర్ నిజంగా ప్రమేయాన్ని నడిపిందో లేదో దానితో తేలిపోతుంది. బొరుసు పడితే, హాడమార్డ్ ఆధారంలో కొలవమంటారు. వచ్చిన అంకెలలోంచి అసలు క్యూబిట్ కొలత ఫలితాన్ని రహస్య సూత్రంతో వెలికితీస్తారు. 0-1 ఆధారంలో కొలత కావలసినచోట రెండు మూలాల ప్రమేయానికి బదులు, చూడటానికి అచ్చం అలాగే ఉండే ఒకే మూలం గల ప్రమేయాన్ని పంపుతారు. ఏది ఏ రకమో సర్వర్‌కు తెలియదు. తనను ఏ ఆధారంలో కొలిపిస్తున్నారో తెలియనివాడు, ఆ కొలతకు అనువుగా అబద్ధం సిద్ధం చేసుకోలేడు.

ఇందులోని అందం యంత్రం బలహీనతను దాని బలానికి సాక్ష్యంగా వాడుకోవడంలో ఉంది. సర్వర్ ఒక పని చేయలేదన్న నిశ్చయం మీద ఆధారపడి, అది మరొక పని చేసిందని నిరూపిస్తున్నారు. ఆ చేయలేని పని పేరు ‘దోషాలతో నేర్చుకోవడం’. 2005లో ఓడెడ్ రెగెవ్ ప్రతిపాదించిన ఈ సమస్యలో, ప్రతిదానిలోనూ కొద్దికొద్ది దోషం చొప్పించిన సమీకరణాల గుంపు ఇచ్చి మూలాలు కనుక్కోమంటారు. క్వాంటమ్ కంప్యూటర్లకు కూడా ఇది కష్టమేనని నిపుణుల నమ్మకం. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ స్థిరపరచిన కొత్త సంకేత ప్రమాణం కూడా ఈ కుటుంబానికి చెందిన సమస్య మీదనే నిలబడి ఉంది.

నమ్మకం దాక్కున్న మూల ఇదే, దాని లోతు ఎంతో ఒక వారం పాటు అందరికీ తెలిసివచ్చింది. 2024 ఏప్రిల్ 10న యీలేయ్ చెన్, ఈ సమస్యను కొన్ని పరిమితులలో వేగంగా పరిష్కరించే క్వాంటమ్ అల్గారిథమ్ కనుక్కున్నానని ఒక పత్రం పెట్టాడు. అది నిలబడి ఉంటే మహాదేవ్ కట్టడం పునాది కదిలేది. ఎనిమిది రోజుల తరువాత హాంగ్‌షున్ వూ, థామస్ విడిక్ విడివిడిగా అందులో దోషం పట్టారు. చెన్ దాన్ని ఒప్పుకుని తన పత్రంలోనే రాశాడు. ఈ ధ్రువీకరణ పద్ధతుల నిర్మాతలలో ఒకడైన విడిక్ చేతిలోనే ఆ దోషం బయటపడటం యాదృచ్ఛికం కాదు. ఆ పునాది మీద ఇల్లు కట్టుకున్నవారికే దాని పగుళ్ళ గురించి ఎక్కువ ఆందోళన.

ఇక్కడ జనరంజక కథనాలే కాదు, నిపుణుల సమీక్షలు కూడా తరచుగా దాటవేసే తేడా ఒకటుంది. ధ్రువీకరణకు ఈ సమస్య పరీక్ష జరుగుతున్న గంటలో కష్టంగా ఉంటే చాలు. ఇరవై ఏళ్ళ తరువాత ఎవరైనా దాన్ని ఛేదించినా నిన్నటి పరీక్ష చెడదు. గోప్యత సంగతి వేరు. అదే 2018లో మహాదేవ్, క్వాంటమ్ గణనను దాచిపెట్టి చేయించే మరో పద్ధతిని కూడా ఇదే సమస్య ఆధారంగా ఇచ్చింది. దానితో దాచిన సమాచారాన్ని సర్వర్ నిల్వ చేసుకుని, ఇరవై ఏళ్ళు ఆగి విప్పవచ్చు. మందుల సంస్థ తన అణువు నమూనాను, బ్యాంకు తన లావాదేవీలను పంపేటప్పుడు ఈ తేడా ప్రాణప్రదమైనది. 2009 నాటి ఫోటాన్ల పద్ధతి ఇచ్చే గోప్యత ఎప్పటికీ చెడనిది. ఫోటాన్లు అక్కరలేని పద్ధతి ఇచ్చే గోప్యతకు గడువు ఉంది, ఆ గడువు ఎంతో రాసిపెట్టి లేదు. ఏ క్వాంటమ్ పరికరమూ లేని వినియోగదారుకు ఆ శాశ్వత గోప్యత దొరకడం దాదాపు అసంభవమని ఆరన్‌సన్, కొజోకారు, గియోర్గియు, కషేఫీ సంక్లిష్టతా సిద్ధాంతం వైపు నుంచి గట్టి ఆధారాలు చూపారు. 2020లో మరో బృందం, సంప్రదాయ సందేశాలతో దూరాన క్వాంటమ్ స్థితులను తయారుచేయించే పద్ధతిని ఫోటాన్ల స్థానంలో యథేచ్ఛగా అమర్చలేమని నిరూపించింది. విడిగా భద్రమైనది పెద్ద వ్యవస్థలో భాగమైనప్పుడు అంతే భద్రంగా ఉంటుందన్న హామీ లేదు. ఈ ప్రతికూల ఫలితాలకు ఎవరూ బహుమానం ప్రకటించలేదు, పతాక శీర్షికలూ రాలేదు. ఈ రంగం పరిణతికి నిజమైన గుర్తులు అవే.

మహాదేవ్ పత్రం మీద మిగిలిన అభ్యంతరాలలో కొన్ని త్వరగానే తీరాయి. మొదటి రూపంలో మోసగాడు తప్పించుకునే అవకాశం పెద్దదిగా ఉండేది. 2020లో రెండు బృందాలు పరీక్షను సమాంతరంగా పలుమార్లు నడిపి దాన్ని కుదించాయి. 2023లో కలై, లొంబార్డీ, వైకుంఠనాథన్, యాంగ్ ఇద్దరు నిరూపకుల ఆటలను గోప్య గణన సాయంతో ఒకే యంత్రంతో ఆడించే మార్గం చూపారు. ఒకే బుర్రలో రెండు గదులు కట్టి మధ్యన సంకేతలిపి గోడ లేపినట్టు. దానితో రెండో తరహా, మూడో తరహా ఒకటయ్యాయి. తీరని అభ్యంతరం వేరే ఉంది: నిజాయితీగల సర్వర్ భరించవలసిన ఖర్చు. గణన చరిత్ర మొత్తాన్ని ఒక స్థితిగా కూర్చి, దాని ఒక్కొక్క క్యూబిట్‌నూ దోషాల సమీకరణాల ప్రమేయంలోకి పొరపాటు లేకుండా నడపాలంటే, దోష సవరణ పూర్తిగా పనిచేసే పెద్ద యంత్రం కావాలి. అసలు గణన కన్న దానికి రుజువు ఎన్నో రెట్లు బరువు. మేరీలాండ్ ప్రయోగశాలలో బంధించిన అయాన్లతో చేసి 2023లో ప్రచురించిన ప్రయోగం, ఈ కుటుంబానికి చెందిన చిన్న పరీక్షను, యంత్రం క్వాంటమ్‌దేనని చూపే పరీక్షను మాత్రమే, నడిపింది. అందులో వాడిన సంఖ్యలు మామూలు కంప్యూటర్ సులువుగా ఛేదించగలిగినంత చిన్నవి.

ఈ లోగా వ్యాపారం ఆగలేదు. 2025 మార్చిలో ‘నేచర్’లో వెలువడిన పత్రం ప్రకారం జేపీ మోర్గన్ చేజ్, క్వాంటినమ్ సంస్థల పరిశోధకులు భాగస్వాములతో కలిసి, దూరాన ఉన్న 56 క్యూబిట్‌ల యంత్రం నుంచి ధ్రువీకరించిన యాదృచ్ఛిక అంకెలను రాబట్టారు; 71,313 బిట్ల ఎంట్రపీ. యంత్రాన్ని నమ్మనవసరం లేదన్నది దాని ప్రధాన ప్రకటన. కానీ అక్కడ సరిచూసే పద్ధతి, యంత్రం ఇచ్చిన జవాబులలో కొన్నింటిని సూపర్ కంప్యూటర్ల మీద మళ్ళీ లెక్కించడం. అందుకు అన్నీ కలిపి ఎక్సాఫ్లాప్ స్థాయి శక్తి వాడారు. గణన మరీ చిన్నదైతే మామూలు కంప్యూటర్ మోసం చేయగలదు, మరీ పెద్దదైతే సరిచూడటం కుదరదు. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని సందులో ఆ పద్ధతి పనిచేస్తుంది, యంత్రాలు మెరుగుపడే కొద్దీ ఆ సందు మూసుకుపోతుంది. 2019లో గూగుల్ 53 క్యూబిట్‌ల యంత్రంతో చేసిన ప్రకటనకు పట్టిన గతి కూడా ఇటువంటిదే: రెండు వందల సెకన్ల పనికి సూపర్ కంప్యూటర్‌కు పదివేల ఏళ్ళు పడుతుందన్న అంచనాను తరువాతి అల్గారిథమ్‌లు పూర్వపక్షం చేశాయి. గీటురాయి ఎప్పుడూ పరీక్షించేవారి చేతిలోనే ఉండాలి, అదీ బంగారం కన్న చౌకగా.

సిద్ధాంతం పుట్టుక నుంచీ వెంట తెచ్చుకున్న ఒక ఊహే అసలు చిక్కు. దానికి సర్వర్ అంటే మహామేధావి అయిన మోసగాడు. నిజాయితీగల సర్వర్ అంటే ఏ పొరపాటూ చేయని దేవత. నేటి యంత్రాలు ఈ రెండూ కావు. అవి మంచి ఉద్దేశంతోనే తరచుగా తప్పులు చేస్తాయి. ఒక్క ఉచ్చు తప్పినా ఫలితాన్ని తిరస్కరించే పద్ధతి అటువంటి యంత్రాన్ని ప్రతిసారీ తిరస్కరిస్తుంది. మోసగాడికీ అలసిన పనివాడికీ తేడా తెలియని పరీక్ష అది. ఈ దృష్టితో చూస్తే 2021లో లైక్ట్‌లె, మూసిక్, కషేఫీ, ఒలివియే రాసిన పత్రం, మహాదేవ్ పత్రమంత ప్రసిద్ధం కాకపోయినా, నేటి అవసరానికి ఎక్కువ దగ్గరగా ఉంది. అసలు గణనను అనేకసార్లు నడపాలి. వాటి మధ్యన, బయటికి తేడా తెలియకుండా, జవాబు ముందే తెలిసిన పరీక్షలను కలపాలి. తప్పిన పరీక్షల వాటా ఒక హద్దు దాటకపోతే, అసలు నడకల జవాబులలో మెజారిటీని అంగీకరించాలి. అవునా కాదా అనే జవాబు గల గణనలకు ఇది కొంత దోషాన్ని ఓర్చుకుంటుంది, సర్వర్‌లో అదనపు క్యూబిట్‌లు అడగదు. ఆక్స్‌ఫర్డ్ ప్రయోగం నడిచింది ఈ దారిలోనే. గొప్ప సిద్ధాంతం కాదు, లెక్కల పరీక్షలో దిట్ట ఉపాధ్యాయుడు చేసే ఏర్పాటు వంటిది. అయినా దీనికి కూడా వినియోగదారు చేతిలో చిన్న క్వాంటమ్ పరికరం ఉండాలి.

ఆ చివరి షరతు ఎంత దూరం పోతుందో చూడటానికి అమరావతి చాలు. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి, అక్కడి క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్కులో 156 క్యూబిట్‌ల హెరాన్ ప్రాసెసర్ గల యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. ఇటువంటి యంత్రానికి పని పంపేవారు విశాఖలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, పంపేది అంతర్జాలం మీద మామూలు సందేశమే. మొదటి తరహా పద్ధతి వాడాలంటే వినియోగదారు నుంచి యంత్రం దాకా ఫోటాన్ ప్రయాణించాలి. హెరాన్ క్యూబిట్‌లు అతివాహక వలయాలు. అవి పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి చేరువలో, మైక్రోవేవ్ పౌనఃపున్యంలో పలుకుతాయి. గాజుతీగలో నడిచేది కాంతి. మైక్రోవేవ్ క్యూబిట్ స్థితిని చెడకుండా కాంతిలోకి, కాంతి నుంచి మళ్ళీ మైక్రోవేవ్‌లోకి మార్చే పరికరం ఇంకా ప్రయోగశాలల బల్లల మీదే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో అయాన్లు తమంతట తామే ఫోటాన్లను వెలువరిస్తాయి కనక అక్కడ ఆ ఇబ్బంది రాలేదు. రెండో తరహాకు అటువంటి యంత్రాలు రెండు కావాలి, వాటి మధ్య పెనవేత కావాలి. మూడో తరహాకు తీగ అక్కరలేదు, కానీ దోషాలు లేని వేల క్యూబిట్‌లు కావాలి. 156 దోషభూయిష్ఠమైన క్యూబిట్‌ల యంత్రానికి పని పంపే వినియోగదారుకు, పైన చెప్పిన పత్రాలలో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా అమలు చేసుకునే వీలు ప్రస్తుతానికి లేదు. జవాబు ముందే తెలిసిన చిన్న గణనలను తన పనుల మధ్య తానే కలిపి పంపి, ఎన్ని తప్పాయో లెక్కపెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.